చందవరం దారిలో దుబాసీ పని

ఎనభై రెండులో, ఫిబ్రవరి మొదటి వారంలో, మా హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి అడక్కుండానే రెండు రోజులు సెలవిచ్చారు. శ్రీలంక నుంచి ఒక బౌద్ధ భిక్షువు గుంటూరు వచ్చారట. ప్రకాశం జిల్లా చందవరంలో తవ్వకాల్లో బయటపడ్డ స్తూపం చూడాలట. ఆయనకు తెలుగు రాదు గనక ఇంగ్లీషు మాస్టారినైన నేను దుబాసీగా వెళ్లాలన్నారు. మా నాన్న పాస్టరు. బౌద్ధం గురించి నాకు తెలిసింది బడి పుస్తకంలో ఉన్నంతే. రైలు ప్రయాణమంటే సరదా కొద్దీ ఒప్పుకున్నాను.

పొద్దున ఆరుంబావుకి గుంటూరులో మీటరుగేజి పాసింజరు ఎక్కాం. భిక్షువు గారికి అరవై ఏళ్లుంటాయి. కాషాయవస్త్రం, గుడ్డసంచీ, రబ్బరు చెప్పులు. ఫిరంగిపురం దాటాక పట్టాలకి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి పెట్టెలో అందరూ తుమ్ముతుంటే ఆయనా తుమ్మి నవ్వారు.

ఎనిమిదింటికి నరసరావుపేటలో ఇడ్లీ తిన్నాం. అక్కడే మరియమ్మ అనే ఆవిడ ఎక్కి మా ఎదురు బల్ల మీద కూర్చుంది. నలభై ఏళ్ల కూలి మనిషి. చెల్లెలి కాన్పు చూసుకుని కురిచేడు తిరిగి వెళ్తున్నానంది.

వినుకొండలో ఎదురు బండి కోసం గంటన్నర ఆపేశారు. భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటితే ముద్ద ముట్టరు. భోజనం దొనకొండలో చూసుకుందామనుకున్న నాకు కంగారు పుట్టింది. స్టేషన్లో టీ, బిస్కట్లు తప్ప ఏమీ లేవు. సంగతి విన్న మరియమ్మ తన గిన్నె మూత తీసింది.

"అన్నం, గోంగూర పచ్చడి సారూ. మా చేతి వంట తింటారో లేదో అడగండి."

నేను అడిగేలోపే ఆయన సంచీలోంచి పాత్ర తీసి రెండు చేతులా పట్టుకున్నారు. ఆ కారానికి ఏమైపోతారోనని నేను చూస్తుంటే, తాపీగా తిని, "మా ఊళ్లో ఇంకా ఎక్కువ వేస్తాం" అన్నారు. అది తెలుగులో చెబితే పెట్టె అంతా నవ్వింది.

రైలు కదిలాక మరియమ్మ ముందుకు జరిగింది.

"సారూ, ఒక్క మాట అడుగుతారా? మా చిన్నది జొరమొచ్చి పోయి రెండేళ్లయింది. తొమ్మిదేళ్ల పిల్ల. లోకం ఎట్టా పుట్టిందో, పోయినోళ్లు ఎక్కడికి పోతారో ఇట్టాంటోళ్లకి తెలుస్తది గదా. నా బిడ్డ ఎక్కడుందో చెప్పమనండి."

ఆమె అడిగింది ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఇంగ్లీషులోనే నెమ్మదిగా అన్నారు: "ఎక్కడుందో నాకు తెలియదు. చావుతో అంతా అయిపోయిందనీ అనను, ఆ పిల్లే ఎక్కడో అలాగే ఉందనీ అనను. లోకానికి మొదలెక్కడో మా బుద్ధుడు చెప్పలేదు. ఏదీ తనంతట తాను పుట్టదన్నాడు. ఈ తల్లి పాలు, ఈ నేల, ఈ వాన, ఇంకా ఎన్నో కలిస్తే ఆ పిల్ల అయింది. అంతకు మించి చెబితే అబద్ధమవుతుంది."

మరియమ్మ నా నోటికేసి చూస్తోంది.

"నీ బిడ్డ దేవుడి దగ్గర చల్లగా ఉందంటున్నారమ్మా" అన్నాను.

ఆమె కళ్లొత్తుకుని, ఆయనకు దణ్ణం పెట్టి కురిచేడులో దిగిపోయింది. ఆయన నావైపు తిరిగారు. "నేను అంతసేపు చెప్పింది మీ భాషలో అంత చిన్నదైందా?"

"తెలుగు పొదుపైన భాష" అన్నాను.

పన్నెండున్నరకు దొనకొండలో దిగాం. అక్కడ లాడ్జీ లేదు. వెళ్లేవాళ్లు వెయిటింగు రూము సంగతి ముందే అడిగిపెట్టుకోవాలి. ఎద్దుబండి మాట్లాడుకుని, చివరి తీత పత్తి ఏరుతున్న చేల మధ్యగా చందవరం చేరేసరికి నాలుగు కావొచ్చింది.

కొండ మీద ఇటుకల స్తూపం. కింద రెండంతస్తుల అరుగు, పక్కన తామరపూలు చెక్కిన రాతిపలకలు, దిగువన గుండ్లకమ్మ. భిక్షువు గారు చెప్పులు వదిలి మూడుసార్లు ప్రదక్షిణ చేసి కూర్చున్నారు. లోకాలు లెక్కలేనన్ని ఉన్నాయనీ, విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటాయనీ చెప్పారు.

"మరి మొదట ఎవరు చేశారు?" అన్నాను.

"ఆ ‘మొదట’ అన్న మాట మీరు తెచ్చింది. నాకు కనబడటం లేదు" అంటూ ఒక ఇటుక మీద చెయ్యి వేశారు. "మన్ను, నీళ్లు, ఊక, నిప్పు, ఎవరివో చేతులు. ఇవన్నీ తీసేస్తే ఇటుక ఎక్కడుంది?"

ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, ఇంత పెద్ద సంగతి ఇంత తేలిగ్గా చెప్పేవాణ్ని అంతకుముందు చూడలేదు. ఆయన ముందు ఇక దాచలేకపోయాను. రైల్లో మరియమ్మతో ఏమన్నానో చెప్పేశాను. నిజం చెబితే ఆమె ఏడుస్తుందని భయపడ్డానన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "ఆమె నాకు అన్నం పెట్టి ఒక్కటే అడిగింది. నేను అనని మాట నా పేరు మీద ఇచ్చారు. రేపు ఆ ఊళ్లో దిగుదాం" అన్నారు.

రాత్రి దొనకొండ వెయిటింగు రూములో పడుకుని, మర్నాడు రైలెక్కి ఎనిమిదింటికి కురిచేడులో దిగాం. నలుగుర్ని అడిగి వెళితే, ఊరికి మైలు దూరంలో ఆడవాళ్ల గుంపుతో మరియమ్మ మిరపకాయలు కోస్తోంది. అందరి ముందే నా తప్పు చెప్పాను.

"నా ఏడుపు చూళ్లేక అన్నారులెండి సారూ. ఇప్పుడు ఆయన చెప్పింది చెప్పండి."

మొదట బడి పుస్తకంలోని సంస్కృత మాటలు వాడబోయాను. ఎవరికీ ఎక్కలేదు. పాలు, నేల, వాన అంటూ ఆయన అన్నట్టే చెప్పాను. తెలియదన్న మాట కూడా చెప్పాను. ఆమె గుప్పెట్లో కాయలు అట్లాగే పట్టుకుని నిలబడింది.

"దేవుడి దగ్గరుందంటేనే నాకు బాగుంటది సారూ. నా నమ్మకం నాది. కానీ పిల్ల పోయిన కాణ్నించీ వచ్చినోళ్లంతా తెలిసినట్టే చెప్పారు. ఒకళ్లు నా పాపమన్నారు, ఒకళ్లు దేవుడికి ఇష్టమై తీసుకుపోయాడన్నారు. తెలీదన్నది ఈయనొక్కడే. నాకూ తెలీదుగా. తోడు దొరికినట్టుంది."

పన్నెండులోపే ఆ కూలివాళ్లంతా తమ గిన్నెల్లోంచి తలా ముద్దా ఆయన పాత్రలో వేశారు.

తిరుగు పాసింజరు ఒంటిగంటన్నరకు వచ్చింది. మరియమ్మ మాటల్ని ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషు చేసి చెప్పడానికి వినుకొండ దాకా పట్టింది. ఆయన కళ్లు మూసుకుని విని, తనూ ఆమే ఇద్దరూ అన్న ఆ ఒక్క మాటను తెలుగులో ఎలా అంటారని అడిగి, నాలుగైదుసార్లు పలికి చూసుకున్నారు. చందవరం స్తూపం ఎవరైనా ఒకసారి వెళ్లి చూడదగ్గది. కానీ నన్నడిగితే, లెక్కలేనన్ని లోకాల గురించి మాట్లాడగలిగి, ఒక కూలితల్లికి నిజం చెప్పడానికి రైలు దిగిన ఆ మనిషిని చూడటమే పెద్ద యాత్ర.

నరసరావుపేటలో ఎక్కిన ఒక ముసలాయన భిక్షువు గారికి దణ్ణం పెట్టి, "ఎందాకా స్వామీ ప్రయాణం?" అన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆయన ఉత్సాహంగా "తెలీదు" అన్నారు.

నేను సరిదిద్దలేదు.