పావు శాస్త్రం పండితురాలు

మునిలక్ష్మి ఎనిమిదో తరగతితో బడి మానేసినా, తిరుపతిలో వాళ్ల వీధికి ఆమే పండితురాలు. దస్తూరి చూసి మనిషి గుణం చెప్పేది. ఆ విద్య మద్రాసులో అచ్చయిన ఒక అరవ పుస్తకం నుంచి అబ్బింది. పుస్తకంలో సగం చెదలు తిన్నాయి. మిగిలిన సగంలో ఆమెకు అర్థమైంది సగం. ఆ పావు శాస్త్రంతోనే కొట్టు తెరిచేసింది.

ఎవరింట్లో సంబంధం కుదురుతున్నా, పెళ్లికొడుకు చేత నాలుగు వరసలు రాయించి ఆమె దగ్గరికి తెచ్చేవాళ్లు.

"జాతకం అయ్యోరు రాస్తాడు. దస్తూరి పిల్లోడే రాయాల గదా!" అనేది తాంబూలం అందుకుంటూ. ఆ మాట తనకే ఎంత నచ్చిందంటే, అడగనివాళ్లకు కూడా వినిపించేది.

యుద్ధం రోజుల్లో ఆమెకే ఒక సంబంధం వచ్చింది. నాయన వరదయ్య నగరి చీరలు మూటకట్టి వీధుల్లో అమ్ముతాడు. ఆ నగరిలోనే మగ్గం నేసే రాజారత్నం రాసిన కాగితం వాళ్లమ్మ ఇస్తే తెచ్చాడు.

మునిలక్ష్మి దాన్ని వెలుతురుకు పట్టుకుని పెదవి విరిచింది. "నాయనా, వీడు తాగుతాడు."

"యాడ? ఆ పిల్లోడు మజ్జిగ తప్ప ఇంకోటి తాగంగా నేను సూడలేదే!"

"ఈ 'ళ' సూడు. గోడ పట్టుకోని నడస్తా ఉండాది."

"ఇప్పటికే ముగ్గుర్ని కాగితంలోనే పూడ్చిపెడితివి. నాకు మనసు కుదిరింది ఈ ఒక్కడి మీదనే మే."

కానీ తాగుబోతును కట్టుకుంటే పండితురాలి పరువేం కావాలి? వద్దనే కబురు పోయింది. అబద్ధమాడటం రాని వరదయ్య కారణం కూడా చెప్పి పంపాడు.

తర్వాత కొన్నాళ్లకు పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సు దిగుతూ మునిలక్ష్మి కొంగు తట్టుకుని పడింది. కుడి మణికట్టు విరిగింది. వరదయ్య ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాడు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలతో చెయ్యి రోకలంత అయింది. కట్టు కట్టేవాళ్ల అరుగు మీద కూర్చోబోతుంటే, అక్కడ కుడిచేతికి అలాంటి కట్టుతోనే ఒకతను కనిపించాడు.

"రాజారత్నం! నువ్వు ఈడుండావేమప్పా?" అన్నాడు వరదయ్య.

"మగ్గం గుంతలో పడి ఇరగ్గొట్టుకుంటి మామా. ఇది ఆఖరి కట్టు."

"అయితే ఆ కాగితం?"

"ఎడం చేత్తో రాసినా. చెయ్యి అవిటిదనుకుంటారని మాయమ్మ చెప్పనీలేదు."

మునిలక్ష్మికి బద్దల లోపలి చెయ్యి కన్నా మొహం ఎక్కువ మండింది. ఎడంచేతి సంగతి చెదలు తిన్న సగంలో ఉండి ఉంటుంది!

రాజారత్నం పొయ్యి దగ్గర నుంచి బొగ్గుముక్క తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు గూడా ఎడం చేత్తో నీ పేరు రాయమ్మే, సూస్తాం."

తప్పించుకునే దారి లేక అరుగు మీదే రాసింది. అతను వంగి చూశాడు.

"ఈమె ఇంకా కల్లంగడి దాటనే లేదు మామా!"

అరుగంతా ఘొల్లుమంది. మునిలక్ష్మికీ నవ్వు ఆగలేదు. నవ్వితే చెయ్యి సలిపింది, అయినా నవ్వింది. తర్వాత తలొంచుకుని, "నాయనా, ఆ సంబంధం ఇంకా ఉండాదేమో అడుగు" అంది మెల్లగా.

పెళ్లయ్యాక ఆమె కొట్టు నగరికి మారింది. ఇప్పుడు ఎవరు కాగితం తెచ్చినా "ఏ చేత్తో రాసినాడు?" అన్నదే మొదటి ప్రశ్న.

మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు మొగుడి దగ్గర నుంచి కార్డు వచ్చింది. బాగుపడిన కుడిచేత్తో అతను రాసిన కార్డు అది. మునిలక్ష్మి చదివి, నాయనకు కనబడకుండా కొంగులో దాచేసింది.

ఈసారి 'ళ'కు పట్టుకోడానికి గోడ కూడా లేదు.