గేటు దగ్గర దుప్పటి

సన్యాసమ్మకు ఎవరి మీదా నమ్మకం లేదు. కాశీబుగ్గలోని ఆ జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆమెను మేస్త్రిని చేసిందే ఆ గుణం చూసి. పద్నాలుగో ఏట జీడిపిక్కలు కొట్టడానికి చేరింది. పెంకులోని జీడి రసం అంటి వేళ్ళ చర్మం ఊడింది. తర్వాత పొట్టు తీసింది, పప్పు ఏరింది, చేరిన ఇరవై ఏళ్ళకు గేటు దగ్గర నిలబడే హోదా సంపాదించుకుంది. సాయంత్రం ఐదున్నరకు ఆడవాళ్ళంతా వరస కడితే ఒక్కొక్కరి నడుమూ ఒడీ తడిమి పంపించాలి. గుప్పెడు పప్పు బయటికి పోకూడదు. సొంత తోడికోడలు మంగను కూడా వదిలేది కాదు. ఇంటికెళ్ళాక మనవరాలు శ్రావణి పరిగెత్తుకొచ్చి నాయనమ్మ కొంగు ముడి విప్పుకునేదాకా ఆ ముఖం మెత్తబడేది కాదు.

అలాంటి మనిషి చేతికి గౌతమిని అప్పగించాడు ఓనరు జగదీష్. అక్కుపల్లి పిల్ల, ఇరవై మూడేళ్ళు. తండ్రి సముద్రం మీద వేటకెళ్తాడు, తల్లి కాసులమ్మ చేపలమ్ముతుంది.

"ఆ అమ్మాయికి ఆటిజం అంట సన్యాసమ్మా. జబ్బు కాదు, బుర్ర తీరే వేరు. మెషీన్ల హోరు పడదు, దూరంగా గోడ పక్కన కూకోబెట్టు. పని ఒకటొకటిగా సెప్పు. శనివారం దాకా సూసి, ఉంచాలో వద్దో నువ్వే తేల్చు," అన్నాడు.

సన్యాసమ్మ తలూపింది గాని మనసులో పురుగు తొలవడం అప్పుడే మొదలైంది. ఓనరు ఊరికే ఇంత దయ తలుస్తాడా? ఈ పిల్లను తన మీద నిఘాకే పెట్టి ఉంటాడు.

అనుమానించడానికి గౌతమి కూడా అడుగడుగునా సాయం చేసింది. మనిషి ముఖంలోకి చూడదు. చెవుల్లో దూది. అప్పా, వదినా, పిన్నీ అని పిలుచుకునే హాల్లో, ఈ పిల్ల మాత్రం హాజరు వేసినట్టు అందరినీ ఉత్త పేర్లతో పిలుస్తుంది. గుండ్లు ఒకటో డబ్బాలోకి, బద్దలు రెండో డబ్బాలోకి, ముక్కలు మూడో డబ్బాలోకి వేస్తూ తలెత్తదు. సన్యాసమ్మ ఏదైనా చెప్పినప్పుడు మాత్రం సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటుంది.

"ఏటి రాత్తన్నావే?"

"సన్యాసమ్మ సెప్పింది."

"ఎవులికి సూపెడతావు?"

"నాకే."

ఆ జవాబు విన్నాక సన్యాసమ్మకు అన్నం సయించలేదు. "ఓనరుకి నా మాటలన్నీ మోత్తాదే ఈ గుంట," అని మంగతో గొణిగింది.

మొదటి రోజే, సోమవారం సాయంత్రం, గేటు దగ్గర గౌతమి వంతు వచ్చింది. సన్యాసమ్మ నడుము మీద చెయ్యి వేసిందో లేదో, పిల్ల కెవ్వున అరిచి, రెండు చేతులతో చెవులు మూసుకుని నేల మీద కూలబడింది. వరస వరసంతా బిగుసుకుపోయింది. సన్యాసమ్మకు మాత్రం లోపల ఒక రకమైన సంబరం. దొరికింది దొంగ! దాచుకున్నది లేకపోతే అంత అరుపెందుకు? జగదీష్ వచ్చి, ఆ రోజుకు వదిలెయ్యమంటే గాని ఊరుకోలేదు.

మర్నాడు కూతురితో పాటు కాసులమ్మ కూడా ఆటో దిగింది.

"దానికి మనిసి సెయ్యి తగిల్తే ఒల్లంతా మండిపోద్దమ్మా. నా సెయ్యి తగిలినా అంతే. దొంగతనం దానికి రాదు. రూలు సెప్పు, పేణం పోయినా దాన్ని దాటదు. ఇప్పటికి రెండు సోట్ల నుంచి పంపేసినారు. ఇక్కడా వద్దంటే ఇంక ఇంట్లోంచి బయటికి రాదు, మూల కూకుండిపోద్ది," అంటూ కళ్ళు తుడుచుకుంది.

ఏ తల్లయినా ఇంతకంటే ఇంకేం చెబుతుందిలే అనుకుంది సన్యాసమ్మ. కానీ ముట్టుకోకుండా చూసే దారి వెతకమని జగదీష్ గట్టిగా చెప్పాడు. విసుక్కుంటూనే బుధవారం గేటు దగ్గర తెల్ల దుప్పటి పరిపించింది. అందరినీ నిలబెట్టి గొంతు చించుకుంది.

"ఇనండి! గేటు దాటే పెతి మనిసీ దీని మీద నిలబడి కొంగు దులపాల. ముడులు విప్పాల. ఎవులినీ వదిలేది నేదు!"

గౌతమి పుస్తకం తీసి రాసుకుంది.

ఆ సాయంత్రం ఆడవాళ్ళంతా నవ్వుకుంటూ కొంగులు దులిపారు. "ఇన్నేళ్ళూ నడుం తడమకుండా ఈ పనే సేత్తే పోయేది గదా అప్పా," అంది మంగ. సన్యాసమ్మ వినిపించుకోలేదు. ఆమె కళ్ళు గౌతమి చున్నీ మీదే ఉన్నాయి. బుధవారం ఏమీ రాలలేదు. గురువారం రాలలేదు. శుక్రవారం కూడా రాలకపోయేసరికి అనుమానం తగ్గాల్సింది పోయి రెట్టింపైంది. ఇంత తెలివిగా దాస్తోందంటే మామూలు పిల్ల కాదు! శనివారం జగదీష్‌తో "నా వల్ల కాదు బాబూ, పంపెయ్యి" అనెయ్యాలని ఆ రాత్రే తీర్మానించుకుంది.

శనివారం సాయంత్రం ఆమె మాట కోసం జగదీష్ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అందరూ దులిపారు. రోజూ మధ్యలో వెళ్ళిపోయే గౌతమి ఆ రోజు వరసలో చివరిది. గౌతమి చున్నీ దులిపింది, సంచి బోర్లించింది. అయినా కదల్లేదు.

"ఇంకేటి? ఎల్లు," అంది సన్యాసమ్మ.

"సన్యాసమ్మ దులపలేదు."

"నానేటే దులిపేది? నాను మేస్త్రిని!"

గౌతమి పుస్తకం తెరిచి, గోడ వైపు చూస్తూ చదివింది. "ఆరో రూలు. గేటు దాటే పెతి మనిసీ దీని మీద నిలబడి కొంగు దులపాల. ముడులు విప్పాల. ఎవులినీ వదిలేది నేదు. సన్యాసమ్మ సెప్పింది. బుధవారం."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే సన్యాసమ్మ దులిపి పారేసేదే. బయటికి వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. జగదీష్ చూస్తున్నాడు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కొంగు చివర ముడిని పట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆ ముడిని ఎవరూ అడగలేదు. ముక్కలే కదా, మనవరాలికే కదా అనుకుందే గాని, ఆ పనికి పేరేమిటో ఒక్కనాడూ ఆలోచించలేదు. దుప్పటి మీదికి వచ్చి ముడి విప్పింది. ఏడెనిమిది పప్పు ముక్కలు రాలాయి.

సన్యాసమ్మకు భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

గౌతమి గొంతుక్కూర్చుని ముక్కలన్నీ ఏరింది. ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు ఎత్తి చూసింది. "అన్నీ ముక్కలే. మూడో డబ్బా," అని లోపలికెళ్ళి వేసి వచ్చింది. సన్యాసమ్మ వైపు మళ్ళీ చూడనైనా లేదు. ఆ పిల్ల లెక్కలో పని అయిపోయింది.

"రేపు ఆదివారం. సోమవారం ఎనిమిదికి వత్తాను," అని గేటు దాటింది.

జగదీష్ ఆమె వైపు తిరిగాడు. "ఏమంటావు సన్యాసమ్మా?"

సన్యాసమ్మ దుప్పటి అంచులు కలిపి నెమ్మదిగా మడత పెట్టింది.

"ఎనిమిదికి వత్తానంది గదా బాబూ, రానీ. గేటు కాడ అదే నిలబడతాది. దులిపేవోల్లలో నానూ ఉంతాను."