గీత గీతగా దిగిన ముక్కు

ఈ రోజు శనివారం. మావారితో పట్టిన పంతంలో ఓడిపోయాను; మాట మార్చేలోపే ఒప్పుకోవాలని సాయంత్రమే రాసేస్తున్నాను.

టీవీకి తగిలించే మావారి పాతకాలపు కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయమని పొద్దున గట్టిగా చెప్పాను. ఆయన ఒక్క అవకాశం అడిగి, నిన్న విశాఖలో పుట్టిన మునిమనవరాలి ఫోటోను ఫోన్‌లోంచి తీసి అందులోకి ఎక్కించారు. అంత పాతది కాబట్టి టీవీ తెర మీద బొమ్మ ఒక్కసారిగా రాక, పైనుంచి ఒక్కో గీతగా దిగసాగింది. గడియారం చూశాను. నుదురు రావడానికే రెండు నిమిషాలు పట్టింది.

"నుదురు మా అమ్మదే," అన్నాను.

"ఉండవే, ముక్కు వస్తుండాది. అది నాదే!"

"మీ ముక్కయితే దిగేదానికి ఇంకో అరగంట పడతాది!"

ముక్కు ఆయనదే. ఫోన్‌లో ఒక్క చూపుతో అయిపోయే ముఖాన్ని పదకొండు నిమిషాలు కళ్ళార్పకుండా చూశాం. మీ ఇళ్ళలో ముక్కు ఎవరి పోలికో చెప్పండి.

ఇక జరగవలసినవి:
1. కంప్యూటర్ ఇంట్లోనే ఉంటుంది.
2. దాని దుమ్ము ఆయనే తుడవాలి.
3. రేపు పాప పాదాల ఫోటో తెప్పించాలి. అవి తప్పకుండా నా పోలికే.