సత్యానందం మాస్టారి సంతకం

మొన్న మచిలీపట్నంలో రక్తపరీక్షకు వెళ్తే, నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి నా మోచేతి మడతలో రాసింది. చల్లగా తగిలి, అంతలోనే ఆరిపోయింది. ఆ వాసనకు ఎవరికైనా సూది గుర్తొస్తుంది. నాకు మాత్రం రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దవైన రబ్బరు చక్రాలు గుర్తొచ్చాయి. వాటిమీది దుమ్మును దూదితో ఓపిగ్గా తుడుస్తున్న లావుపాటి వేళ్ళు గుర్తొచ్చాయి. "ఇంక పిడికిలి తియ్యండి మేడం" అని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పేదాకా నేను ఈ లోకంలో లేను.

ఆ వేళ్ళు సత్యానందం మాస్టారివి. నేను చదువుకున్న ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన లెక్చరర్ కాదు, ల్యాబ్ టెక్నీషియన్. మొవ్వ దగ్గర ఒక పల్లెలో పుట్టి, గుడివాడలో ఒక షాపులో ఇరవై ఏళ్ళు మోటార్లకు వైండింగ్ చేసి, యాభైకి దగ్గరపడ్డాక మా కాలేజీలో కాంట్రాక్టు మీద చేరారు. లెక్చరర్లు ఆయన్ని "ఆనందం" అని పిలిచేవారు. మేము మాస్టారు అనేవాళ్ళం. ఆ పిలుపు వినపడ్డ ప్రతిసారీ ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరైనా వచ్చారేమోనని చూసేవారు. ఆ అలవాటు ఎన్నేళ్ళకీ పోలేదు.

మా ఎలక్ట్రికల్ విభాగం చివర ఒక చిన్న గదిలో రోబో సుమో జట్టు ఉండేది. తెలియనివాళ్ళకు ఈ ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. నల్లరంగు వేసిన గుండ్రటి బల్లచెక్క, దాని చుట్టూ తెల్లటి అంచు. అదే రింగు. దానిమీద అరచేతిలో పట్టే రెండు రోబోలను ఎదురెదురుగా పెడతారు. రిమోట్ ఉండదు. ఎదుటిదాన్ని వెతుక్కోవడం, అంచు దగ్గర ఆగడం, మీదికి వెళ్ళి నెట్టడం, అన్నీ తమ సెన్సర్లతో అవే చేసుకోవాలి. ముందు కింద పడ్డది ఓడిపోయినట్టు. బరువు అరకిలో దాటకూడదు. కాలేజీ పిల్లలతో పాటు సరదాకొద్దీ ఇళ్ళలో తయారుచేసుకునేవాళ్ళు కూడా పోటీకి వచ్చేవారు.

రెండో సంవత్సరంలో నేను జట్టులో చేరితే, మగపిల్లలు నాకు చార్టులు రాసే పని అప్పజెప్పారు. వారం రోజులు స్కెచ్ పెన్నులతో గడిపాను. ఒక మధ్యాహ్నం మాస్టారు నా పక్కన ఆగి నా చేతులకేసి చూశారు.

"వేళ్ళకి ఆ ఎరుపేంటమ్మా?"

"మాది పెడనండి. నాన్నగారు కలంకారీ అద్దకం చేస్తారు. సెలవు రోజుల్లో నేనూ అచ్చులు వేస్తానండి."

"అచ్చు ఒక పక్క లేస్తే ఏమవుద్ది?"

"బొమ్మ సగమే పడుద్దండి."

ఆయన నా చేతిలో పెన్ను తీసేసి స్క్రూడ్రైవర్ పెట్టారు. "అయితే ముందుండే ఈ రేకు నువ్వే బిగించు. ఇది రింగుకి అతుక్కుని ఉండాలి. ఒక పక్క గోరంత లేచినా అవతలోడు దీని కిందికి దూరిపోతాడు."

ఆ రేకు బిగించడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆయన ప్రతి సాయంత్రం కాగితం ముక్క ఒకటి రేకు కింద దూర్చి చూసేవారు. దూరితే మరలు విప్పి మళ్ళీ నాకిచ్చేవారు. నాలుగో రోజు కాగితం దూరలేదు. ఆ మర్నాడు చార్టులు ఎవరు రాయాలన్నది మగపిల్లలే చూసుకున్నారు.

ఆయన చేతులకు ఒక విద్య ఉండేది. ఏ వస్తువైనా అరచేతిలో ఒక్కసారి ఆడించి బరువు చెప్పేవారు. "నాలుగొందల ఎనభై ఉంటది" అంటే, తూకంలో రెండు గ్రాములు అటో ఇటో వచ్చేది. జీవితమంతా రాగితీగ చుట్టలు పట్టుకున్న చేతులు. మేము పందేలు కాసి ఆయన్ని పరీక్షించేవాళ్ళం. ఒక్కసారైనా ఓడిపోతారేమోనని చూసేవాళ్ళం.

మూడో సంవత్సరం గుడివాడ పోటీల్లో వీరబాబు అనే ఆయన చేతిలో ఓడిపోయాం. ఆయనది బంటుమిల్లి. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు బాగుచేస్తాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పాత టిఫిన్ డబ్బా రేకుతో చేసిన ఆయన రోబోను చూసి మొదట నవ్వుకున్నాం. అది మాదాన్ని రెండుసార్లూ కిందికి తోసేసింది. తిరిగి వచ్చాక మా హెచ్.ఓ.డి. గారు తేల్చి చెప్పేశారు. "వచ్చే ఏడాది కప్పు రాకపోతే ఆ గది కంప్యూటర్ ల్యాబ్‌కి ఇచ్చేస్తాం."

ఆ గది పోతే మాస్టారికి కాలేజీలో ఇంకేం మిగలదని నాకు తెలుసు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, నెమ్మదిగా క్రీస్తు కీర్తన ఏదో పాడుకుంటూ ఆ బల్లలు తుడుచుకునే మనిషి. తరవాత నేను చేసిన పని ఆ గది కోసమేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. గెలవాలని నాకే ఉంది. నేను బిగించిన రేకు గెలవాలని ఉంది.

చివరి సంవత్సరం పోటీలు మళ్ళీ గుడివాడలోనే జరిగాయి. పొద్దున తూకం అయింది. సెమీస్‌లో మాకు ఎదురుపడేది వీరబాబేనని తెలిసింది. భోజనాల వేళ నేనూ, నా జట్టులోని కిరణూ పోటీలు జరుగుతున్న కాలేజీ వెనక మెట్ల మీద కూర్చున్నాం. కిరణ్ జేబులోంచి వలలకు కట్టే సీసపు గుండ్లు తీశాడు. సుత్తితో కొట్టి బిళ్ళల్లా చేసి తెచ్చాడు. బరువు పెరిగితే చక్రాలకు పట్టు పెరుగుతుంది. "తూకం అయిపోయిందిగా, ఇంక ఎవరు చూస్తారే" అన్నాడు. నేను వద్దనలేదు. రోబోను తిరగేసి పట్టుకున్నాను. వాడు అంటించాడు. పైన నల్లటి టేపు వేసింది నేనే.

సెమీస్‌లో వీరబాబు రోబో మాదాన్ని తాకిన చోటే ఆగిపోయింది. దాని చక్రాలు తిరుగుతున్నాయి కానీ ముందుకు రాలేదు. మాది దాన్ని మెల్లగా అంచుదాకా నెట్టుకెళ్ళి పడేసింది. రెండోసారీ అంతే. వీరబాబు దాన్ని నేలమీంచి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని మోటారు చప్పుడు విన్నాడు. తరవాత మా దగ్గరికి వచ్చి "బాగా చేశారు" అని చెప్పి, బస్సు వేళవుతోందని వెళ్ళిపోయాడు.

ఫైనల్‌కు ముందు, చక్రాలు జారకుండా వాటిని స్పిరిట్‌తో తుడవడానికి మాస్టారు రోబోను చేతిలోకి తీసుకున్నారు. దూది అందుకోబోయిన చెయ్యి ఆగింది. రోబోను అరచేతిలో ఒకసారి ఆడించారు. తల ఎత్తి నన్ను చూశారు.

"తూకమయ్యాక దీనికి ఏమన్నా కలిపారా అమ్మా?"

"లేదండీ" అన్నాను.

ఆయన నా ముఖంలోకి ఇంకో క్షణం చూశారేమో. నేను నేలకేసి చూస్తున్నాను. "సరే" అని నాలుగు చక్రాలూ ఎప్పటిలాగే తుడిచారు. నిర్వాహకులు ఒక కాగితం తెచ్చారు. తూకం తరవాత రోబోలో ఏ మార్పూ జరగలేదని జట్టు బాధ్యులు సంతకం చెయ్యాలట. మాస్టారు జేబులో పెన్ను తీసి, పూర్తి పేరు గుండ్రటి అక్షరాలతో రాశారు. ఆ వెంటనే జడ్జి రోబోను తీసుకెళ్ళి మళ్ళీ తూకంలో పెట్టాడు. ఫైనల్‌కు వచ్చినవాటిని రెండోసారి తూస్తారని మాకెవరికీ తెలియదు. అయిదు వందల నలభై ఎనిమిది. జడ్జి దాన్ని తిరగేసి గోటితో టేపు లాగాడు. సీసపు బిళ్ళలు బల్లమీద పడి దొర్లాయి.

"ఏంటండీ ఇది?" అన్నాడు జడ్జి.

హాలంతా మమ్మల్నే చూస్తోంది. మాస్టారు ఆ బిళ్ళల్ని చూశారు. మావైపు తిరగలేదు.

"సంతకం నాదండీ" అన్నారు.

అంతే. తాను చేశానని అనలేదు, మేము చేశామనీ అనలేదు. కాలేజీలో విచారణ జరిగినప్పుడు కూడా ఆ ఒక్క మాటే చెప్పారు. నన్నూ కిరణ్‌నూ పిలిచి అడిగితే ఇద్దరం తలలు వంచుకుని నిలబడ్డాం. ఆ మౌనానికి వాళ్ళు తమకు అనుకూలమైన అర్థం చెప్పుకున్నారు. కాంట్రాక్టు మనిషిమీద తప్పు పెట్టడం సులువు. గది మూసేశారు. మాస్టారిని హాస్టళ్ళలో ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు చూసుకునే పనికి మార్చారు.

పదకొండు రోజుల తరవాత మా హాస్టల్ వరండాలో నిచ్చెన మీద నిలబడి ఫ్యాన్ బిగిస్తూ కనిపించారు. నన్ను చూసి, "ఆ నిచ్చెన కాస్త పట్టుకోమ్మా, ఊగుతోంది" అన్నారు, ఏమీ జరగనట్టే. రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన ముఖం పైన ఉండడం వల్లే చెప్పగలిగాననుకుంటాను.

"మాస్టారూ, మీకు అబద్ధం చెప్పానండి. టేపు వేసింది నేనేనండి."

పైన స్పానర్ చప్పుడు ఆగింది. కాసేపటికి ఆయన కిందికి దిగి, చేతులు గుడ్డతో తుడుచుకున్నారు.

"నాకు తెలుసుగా. తెలిసినోడికి చెప్పడం తేలికమ్మా. ఆ బంటుమిల్లి ఆయనకి చెప్పావా?"

చెప్పలేదన్నాను. "ఆదివారం చర్చి అయ్యాక వస్తాను. ఇద్దరం వెళ్దాం. రోబో తీసుకురా" అన్నారు. కిరణ్‌ను కూడా రమ్మన్నాను. వాడు రాలేదు. వాడిని నేను తప్పు పట్టలేను. నేనూ ఒక్కదాన్నే అయితే వెళ్ళేదాన్ని కాదు.

ఆదివారం బస్సు పెడన దాటుతుండగా, దారిపొడవునా మనసులో నలుగుతున్నది బయటపెట్టేశాను.

"మీరు రెండోసారి అడిగుంటే నిజం చెప్పేసేదాన్నండి."

నిందలా వినపడిందని అన్నాక తెలిసింది. ఆయన కిటికీలోంచి కోతలైన పొలాలను చూస్తూ అన్నారు.

"చెయ్యి ఒకటి చెప్పింది, నువ్వు ఒకటి చెప్పావు. ఏది వినాలా అనుకున్నాను. రెండోసారి అడిగితే, మొదట నువ్వు చెప్పింది అబద్ధమని నేనన్నట్టేగా. మూడేళ్ళు నా పక్కన పనిచేసిన పిల్లని అంత మాట ఎలా అంటాను?"

బంటుమిల్లి వచ్చేదాకా ఏడ్చాను. ఆయన తన రుమాలు మడత విప్పి నా ఒళ్ళో పెట్టారు.

వీరబాబు చెరువు గట్టున మేత బస్తాలు పెట్టుకునే షెడ్డులో ఉన్నాడు. విరిగిన ఏరియేటర్ రెక్కల మధ్య, ఒక పలక మీద, అతని రోబో ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. నేను జరిగిందంతా చెప్పాను. కోప్పడతాడని సిద్ధపడి వెళ్ళాను. అతను నన్ను కాక ఆ ముక్కల్ని చూస్తున్నాడు.

"వచ్చినకాడ్నించీ దీన్ని మూడుసార్లు విప్పాను చెల్లెమ్మా. ఎక్కడ తప్పు చేశానో అర్థంకాలా. మోటారు మార్చా, గేర్లు మార్చా. ఇంక మనకి చేతకాదులే అని మొన్న డబ్బాలో పడేద్దామనుకున్నా." తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "అంటే నా బండిలో ఏ తప్పూ లేదన్నమాట."

ఆ మాట విన్నాక, నేను చేసింది ఏమిటో మొదటిసారి నాకు తెలిసింది. అప్పటిదాకా కప్పు గురించీ, కాలేజీ పరువు గురించీ, మాస్టారి ఉద్యోగం గురించీ ఆలోచించాను. ఎక్కడో చెరువు గట్టున ఒక మనిషి తన చేతుల్ని తానే అనుమానించుకుంటూ కూర్చుని ఉంటాడని తట్టలేదు.

వీరబాబు గంటలో రోబోను మళ్ళీ బిగించాడు. మాస్టారు షెడ్డు గచ్చుమీద బొగ్గుతో గుండ్రంగా నలుపు పూసి, చుట్టూ సున్నంతో అంచు గీశారు. మేత తూచే చిన్న కాటాలో రెండింటినీ తూచి, అంకె ఇద్దరికీ చూపించారు. మూడు ఆటలు ఆడాం. మొదటిది నేను గెలిచాను. తరవాతి రెండూ వీరబాబువి. చివరిసారి నా రోబో సున్నపు గీత దాటి బయటికి వెళ్ళినప్పుడు, వీరబాబు గట్టిగా అరిచి మాస్టారిని కావలించుకున్నాడు. మాస్టారి చొక్కా నిండా బొగ్గు అయింది.

మర్నాడు జరిగింది జరిగినట్టు రాసి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. నన్ను పోటీల నుంచి నిషేధించారు. అది న్యాయమే. కానీ మాస్టారిని మళ్ళీ ఆ గదికి పంపలేదు. ఒకసారి ఇచ్చిన ఆర్డర్ మార్చడం కుదరదన్నారు. నేను చదువు ముగించి వెళ్ళేనాటికి కూడా ఆయన హాస్టల్ మోటార్లే చూసుకుంటున్నారు. నిజం చెబితే అన్నీ చక్కబడతాయని నేను అనుకున్నాను. కొన్ని చక్కబడవు. ఆ విషయం ఆయనకు మొదటినుంచీ తెలుసనుకుంటాను. అయినా నన్ను చెప్పమన్నారు.

మూడేళ్ళ క్రితం ఆయన గుండెపోటుతో పోయారు. మొవ్వ దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో ఆయన జ్ఞాపకార్థం జరిగిన ఆరాధనకు వెళ్ళాను. పాస్టరుగారు వచ్చినవాళ్ళను రెండు మాటలు చెప్పమంటే, వెనక వరసలోంచి వీరబాబు లేచాడు. ఏదో చెప్పబోయి, మళ్ళీ కూర్చున్నాడు. నేను లేవలేకపోయాను. నన్ను క్షమించారా అని మాస్టారిని నేనెన్నడూ అడగలేదు. ఆ రోజు ఆయన భార్య నా చేతులు పట్టుకుని, "పెడన అమ్మాయివి నువ్వేనా? బిగింపు బాగా చేస్తుందనేవారు" అన్నారు. ఆవిడకు తెలిసింది అంతే. ఇంట్లో ఆయన అంతే చెప్పారు.

ఇప్పుడు నేను గుడివాడకు దగ్గరలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, అక్కడి సుమో జట్టును చూసుకుంటున్నాను. పోటీ రోజున కాగితం నా ముందుకు వస్తుంది. సంతకం చేసేముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి అడుగుతాను. తూకం తరవాత ఏమైనా మార్చారా? ఒక్కసారే అడుగుతాను. "లేదు మేడం" అంటారు. ఒక్కోసారి ఎవరో ఒకరు నేలకేసి చూస్తారు. మళ్ళీ అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది. ఆపుకుంటాను. ఆ రోజు ఆయనకూ ఇలాగే ఉండి ఉంటుంది. పెన్ను మూత తీసి, నా పూర్తి పేరు రాస్తాను.