కామమ్మ ముడి

కామమ్మ వలకి వేసిన ముడి ఊడదు. ఆ నేరానికే పడవల యజమాని దానయ్య ఆమెని వలలు బాగుచేసే పనిలోంచి తీసేశాడు. అతని వల సముద్రం అడుగున రాయికి పట్టుకుంది. ఇంకొకరు బాగుచేసినదైతే చిరిగి ఊరుకునేది. ఇది చిరగలేదు. పడవే ఒరిగి దానయ్య నీళ్ళలో పడ్డాడు. ఒడ్డుకొచ్చి, మీసాలకి నాచుతోనే, "అంత గట్టిగా కట్టమని ఎవుడు సెప్పినాడే?" అని అరిచాడు. జెట్టీ అంతా నవ్వింది గానీ తప్పు అతనిదన్నవాడు లేడు. పడవలున్నవాడు మునిగినా అతని మాట తేలుతుంది.

ఆమె మనవరాలు స్వాతి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక మ్యూజియంలో టిక్కెట్లిస్తుంది. ఆ ఉద్యోగం పర్మినెంటు కావాలంటే ఇన్‌ఛార్జి రాజకుమారి మేడమ్ సోమవారం సంతకం పెట్టాలి. శనివారంనాడు స్వాతి అమ్మమ్మని అక్కడ పెట్టిన పంక్ బట్టల ప్రదర్శనకి తీసుకెళ్ళింది. యాభై ఏళ్ళ కిందట లండన్ కుర్రకారు లోకం మీద కోపంతో చింపుకుని, పిన్నీసులు గుచ్చుకుని తిరిగిన తరహా బట్టలు.

"ఓలమ్మో, ఈళ్ళకి అమ్మలు లేరేటే?"

"ఫ్యాషన్ అమ్మమ్మా. కావాలనే చింపుకున్నారు."

"మీ తాత లుంగీ ఇలాగే ఉండీది. ఆయన్నెవరూ అద్దాల్లో ఎట్టనేదు మరి."

స్వాతి కౌంటర్‌కి వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చింది. అద్దం లేకుండా బయట నిలబెట్టిన ఒక బొమ్మకి వల లాంటి నల్ల చొక్కా, పొట్ట దగ్గర పెద్ద కన్నం ఉండాలి. కన్నం లేదు. ఆకుపచ్చ నైలాన్ దారంతో ముచ్చటగా మూసేసి ఉంది. కామమ్మ వల సూదిని మళ్ళీ బొడ్లో దోపుకుంటోంది.

"అరే దీదీ, యే క్యా కర్ దియా!" ఎంత పని చేశావంటూ గార్డు నెత్తి పట్టుకున్నాడు.

మేడమ్ పరుగున వచ్చింది. "ఆ కన్నం చూడ్డానికే కదమ్మా జనం వస్తోంది!"

"కన్నానికి టిక్కెట్టేటమ్మా? మా ఇంటికి రండి, బోలెడు."

ముడి విప్పబోయి మేడమ్ గోరు విరిగింది. గార్డు పళ్ళతో లాగి చూశాడు. పన్ను కదిలింది గానీ ముడి కదల్లేదు.

"అమ్మమ్మా, నా ఉద్యోగం!" స్వాతి ఏడ్చేసింది.

కామమ్మ మొహం మాడిపోయింది. బ్లేడు అడిగింది. తన ముడుల్ని తానే, ఒక్కోదానికీ సారీ చెప్తున్నట్టు గొణుగుతూ, రెండు గంటలు కోసింది. నల్ల పోగు ఒక్కటీ తెగలేదు. మేడమ్ పాత ఫొటో పక్కన పెట్టి చూసింది. అదే కన్నం. సోమవారం సంతకం పడింది.

ఆ తర్వాతి ఆదివారం స్వాతి డిగ్నాబాద్‌లో అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు కామమ్మ అంది: "జన్మంతా కన్నాలు మూసినాను, కూకోమన్నోడు ఒక్కడూ నేడు. ఒక్క కన్నం ఎట్టీసరికి కుర్సీ ఏసి టీ ఇచ్చినారు. ఇంకేటైనా సింపాలేమో మీ మేడమ్‌ని అడుగే."