బెంచీ మూల ఎర్ర రిబ్బను

లెక్కల టీచరమ్మ పోయిందన్న మాట మిరపకల్లంలో ఉండగా విన్నాను. "ఆవిడకేం తొందరొచ్చిందిరా?" అని కబురు తెచ్చినవాడి మీదే అరిచాను. గుండెపోటంట. పిల్లలందరికీ "కాసేపు పడుకోండి" అని చెప్పిన మనిషి, తను మాత్రం పనిలో పడి క్యారేజీ మూత తీయకుండానే అన్నం ఇంటికి తిరిగి తీసుకెళ్ళేది. కోపం రాదా మరి?

రెండేళ్ళ కిందట చిలకలూరిపేట దగ్గర హైవే మీద మా మనవరాలు బండి మీంచి పడింది. బండి నడిపింది నేనే. తలకి ఆపరేషన్ చేసి జుట్టంతా తీసేశారు. తలకి దెబ్బంటే లోకం పిల్లని పిచ్చిదంటుందని, నేనో తెలివైన పని చేశాను. టైఫాయిడ్ వచ్చింది, తగ్గాక తిరపతిలో గుండు చేయించాం అని ఊళ్ళోనూ బళ్ళోనూ చెప్పాను.

దాంతో ఏమైంది? చెప్పింది మర్చిపోతే పిల్లది సోమరితనం అన్నారు. తరగతిలో గోలకి తల పట్టుకుని ఏడిస్తే నాటకం అన్నారు. సిగ్గులేకుండా నేనూ అన్నాను.

ఒకరోజు టీచరమ్మ నేరుగా కల్లంలోకే వచ్చింది. ఘాటుకి తుమ్ముతూనే నన్ను పక్కకి పిలిచింది.

"పెద్దాయనా, దేవుడు జుట్టు తీసుకుంటాడు గానీ కుట్లు వెయ్యడు. పిల్ల తల మీద ఆ మచ్చేంటి?"

"మా ఇంటి సంగతి మీకెందుకమ్మా? నాలుగు తగిలించండి, అదే చదువుద్ది."

"కోసిన కాయ ఒక్కరోజులో ఎండబెడతారా మీరు?"

"ఎవడన్నా ఎండబెడతాడా? రోజూ తిరగెయ్యాలి, మంచు పడకుండా సాయంత్రం పట్టా కప్పాలి."

"కాయకి తెలిసిన మర్యాద పిల్లకి లేదా?"

ఒళ్ళు మండింది. ఇంటికి తీసుకెళ్ళి ఆస్పత్రి కాగితాలు ఆవిడ చేతిలో పడేశాను. ఎవరికీ చెప్పొద్దని మాట కూడా తీసుకున్నాను.

మర్నాటి నుంచి మా పిల్లకి ఒంటిపూట బడే. వెలుతురు కళ్ళల్లో కొట్టకుండా కిటికీకి దూరంగా, గోడవైపు చోటు. కాగితానికి ఒక్కటే లెక్క. నాలుగు నెలలకి గానీ రెండో పూట ఉండనివ్వలేదు. ఈలోగా నేను వెళ్ళి పోట్లాడాను.

"ఇట్టా నత్తనడక అయితే పదో తరగతి ముసలిదయ్యాక రాస్తుందా?"

"మీరు ముసలాళ్ళయ్యారుగా, తొందర తగ్గిందా?" అంది, నోట్‌బుక్కులోంచి తలెత్తకుండా.

ఆవిడే ఒక ఎర్ర రిబ్బను ముక్క ఇచ్చింది. తల బరువెక్కితే బెంచీ మూల పెడితే చాలు. నోరు తెరిచి అడగక్కర్లేదు. ఆవిడ పాఠం ఆపకుండానే కళ్ళతో "వెళ్ళు" అనేది. మా పిల్ల వరండాలో కాసేపు కళ్ళు మూసుకుని వచ్చేది. మిగతా టీచర్లకి ఏం చెప్పి నెట్టుకొచ్చిందో గానీ, చచ్చేదాకా నాకిచ్చిన మాట తప్పలేదు. తప్పినా బాగుండేది.

ఎందుకంటే ఆవిడ చోట కొత్త సారు వచ్చిన రెండోరోజే ఆ రిబ్బను చూసి, "ఏంటీ ఆటలు?" అని జేబులో వేసుకున్నాడు. ఆయన తప్పేముంది, చెప్పిందెవరు? పిల్ల ఇంటికొచ్చి పుస్తకాల సంచి మూలకి విసిరేసింది. "ఇంక బడికి పోను తాతా."

మర్నాడు దాని చెయ్యి పట్టుకుని తరగతి గుమ్మంలో నిలబడ్డాను. "చెప్పనా?" అని అడిగాను. తలూపింది.

"సారూ, అది ఆట కాదు. మా పిల్ల తలకి దెబ్బ తగిలింది. బండి నడిపింది నేను. టైఫాయిడూ లేదు, మొక్కూ లేదు."

పిల్లలెవరూ నవ్వలేదు. ఆయన జేబులోంచి రిబ్బను తీసి, చేత్తో సాపు చేసి మరీ ఇచ్చాడు. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. వినాల్సిన ఆవిడ లేకుండా పోయింది.

బడివాళ్ళు ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. నాకు సంతకం దాటితే అక్షరం రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది, మధ్యలో రెండుసార్లు పడుకుని లేచింది. "ఇంకాస్త మంచిగా చెప్పు తాతా" అంటోంది. నాకు తెలిసిన మంచి ఇదే. ఇంకా చెప్పేవాణ్ణి గానీ, పిల్ల కలం పక్కన పెట్టి, ఎర్ర రిబ్బను తీసి ఈ కాగితం మూలన పెట్టింది.