వాగు దాటని చీర

మా వైపు పెళ్లయిన ఆడమనిషి పోతే, పుట్టింటి చీర కప్పందే పాడె లేవదు. దాన్ని అన్నో తమ్ముడో తీసుకుపోవాలి. మా అక్కకు పుట్టింటివైపు మిగిలింది నేనొక్కణ్ణే.

ఆ రోజు తెల్లవారుజామున మా ఉదయగిరిలో వాన కురుస్తూనే ఉంది. మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, అమ్మ పోయింది. చీర తీసుకుని తొందరగా రా. వాగు వచ్చేటట్టుండాది."

బజార్లో షాపు తెరిపించి ఎర్రంచు పసుపుపచ్చ చీర కొన్నాను. నేనేది కొన్నా "ముసలోళ్ల రంగు తెచ్చినావు కదరా" అని ఎగతాళి చేసేది అక్క. ఇంక ఆ మాట అనేవాళ్లెవరు? షాపులోనే ఏడుపొచ్చేసింది.

దుత్తలూరు మీదుగా ఆత్మకూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడినుంచి వాళ్ల ఊరు దగ్గరే, మధ్యలో ఆ పాడు వాగు లేకపోతే. వాగులో వేసిన చప్టా అసలు కనపడలేదు. రోడ్డు ఎర్రనీళ్లలోకి దిగిపోయి, అవతలెక్కడో మళ్లీ పైకి లేచింది. ఏడాదంతా దుమ్ము రేగే వాగది. ప్రతి ఎలక్షన్లోనూ బ్రిడ్జి వస్తుందంటారు, వచ్చేది వాగే. ఛీ, అక్క పోయిన రోజే రావాలా దానికి!

అక్క చావుకు పోవాలని అరుస్తూ కోపంతో నీళ్లలోకి దిగబోయాను. అక్కడ ఆగిపోయిన లారీ డ్రైవరు చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "ఏంది పెద్దాయనా, ఒకే ఇంట్లో రెండు చావులు కావాల్నా?"

బావకు ఫోన్ చేశాను. వాళ్ల చేను మునిగిపోయిందట. ఆ చేలో ఉన్న తన అమ్మానాయనల సమాధుల పక్కన అక్కను పెట్టుకుందామనుకున్నాడు, ఇప్పుడు రోడ్డు పక్క మెరకలో గుంట తవ్విస్తున్నాడు. "కరెంటు లేదు. ఐసు పెట్టె తెద్దామంటే వాగు అడ్డం. ఇంక పెట్టుకోలేంరా. నువ్వు ఆడే ఉండు, మీ అక్కను నేనే గట్టు దాకా తీసుకొస్తా" అన్నాడు.

కాసేపటికి అవతలి గట్టుకు ట్రాక్టరు వచ్చింది. పాడెను తలవైపు కొంచెం ఎత్తి పట్టుకున్నారు. అంత దూరాన ముఖమేం తెలుస్తుంది? బొట్టు మాత్రం కనపడింది. బావ చేతులెత్తి సైగ చేశాడు. చీర విప్పాను. గాలికి నిలవకపోతే రెండో కొస డ్రైవరు పట్టుకున్నాడు. ఇద్దరం రోడ్డుకు అడ్డంగా దాన్ని చాపి నిలబడ్డాం. "అక్కా!" అని అరిచాను. నీళ్ల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. బావ వంగి అక్క చెవి దగ్గర ఏదో చెప్పాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది.

నీళ్లు తగ్గాక వెళ్లాను. చేనంతా ఇసుక మేట వేసింది, పాత సమాధులు ఎక్కడున్నాయో తెలియలేదు. మెరకలో అక్క గుంట మీద చీర పరిచాను. బావా నేనూ పక్కనే కూర్చున్నాం. ఆ రోజు అక్క చెవిలో ఏం చెప్పావని బావను అడిగాను.

"'నీ తమ్ముడు వచ్చినాడు, చీర తెచ్చినాడు, ఇంక పోదాం పా' అని చెప్పినానురా."